సరిగ్గా ఇదే

పర్లాకిమిడి బజారు మలుపులో
ఆరడుగుల వెడల్పు మాచింగ్ సెంటర్ నాది.
పాతపట్నం నుంచి వచ్చినావిడ తెలుగులో,
కాశీనగర్ ఆవిడ ఒడియాలో,
గుమ్మ కొండల మీంచి దిగిన సవర పిల్ల
మాట్లాడకుండా చీరచెంగు మీద వేలు పెట్టి,
అందరూ అడిగేది ఒకటే: సరిగ్గా ఇదే.
సరిగ్గా ఇదే ఎప్పుడూ ఉండదు.
ఒక ఆకుపచ్చకీ ఇంకో ఆకుపచ్చకీ మధ్య
వెంట్రుకవాసి దూరాన్ని
ఇరవై రెండేళ్ళుగా మీటరు లెక్కన అమ్ముతున్నాను.

బేస్‌బాల్ ఆట నేను చూళ్ళేదు.
ఎవరు ఎప్పుడు గెలుస్తారో, మధ్యలో టీ ఇస్తారో లేదో తెలీదు.
నిద్రపట్టని ఒక రాత్రి ఫోన్లో
ఎడంచేత్తో బంతి విసరబోతూ కనిపించాడొక కుర్రాడు.
చెయ్యి వెనక్కి, కాలు గాల్లో,
సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు
నాలుక పెదవి మీద.
పక్కన ఇంకో కార్డు. అదే బొమ్మ, అదే నాలుక.
అంచు మాత్రం వేరే రంగు.

అంచు.
నాలాంటివాడికి ఆ ఒక్క మాట చాలదూ?

తెల్లంచుది ఎవరికైనా దొరుకుతుంది.
నీలంది నూటయాభై అచ్చేశారు, బంగారపంచుది యాభై,
ఎరుపుది అయిదే అయిదు.
ఎన్నోదో వెనకాల చీమతలంత అంకెలో ఉంటుంది.
నల్లంచుది లోకం మొత్తానికీ ఒక్కటి.

ఇంటిపేరు సగం మింగేసిన కవరు పట్టుకొచ్చి
పోస్టుమాన్ దండాసి బెహరా ప్రతిసారీ అడుగుతాడు:
విత్తనాలా?
ప్రతిసారీ అవునంటాను.

"ఒకే మనిషిని పదకొండుసార్లు కొన్నావేటి?
ఆడేవన్నా ఓటుకి నిలబడ్డాడా?"
అని హేమసుందరి నవ్వింది.
ఇది ఆకుపచ్చ, ఇది వేరే ఆకుపచ్చ అని నేను నసుగుతుంటే
దారపు రీళ్ళ పెట్టె తెచ్చి
ఒక్కో కార్డు పక్కన ఒక్కో రీలు పెట్టి చూసింది.
"ఇది చిలకపచ్చ. ఇదేమో పాచి రంగు.
రెండిటికీ ఒకటే పేరెట్టినోడికి కళ్ళున్నాయా?"
ఆ రోజు నుంచి ఆల్బమ్‌లో పేర్లు ఆవిడ రాతలోనే ఉన్నాయి:
నెమలికంఠం, వంగపండు, కనకాంబరం,
ఉతికిన ఇటుక.

బంగారపంచుది మాత్రం నాకు అందేది కాదు.
దాని ధరకి దసరా సరుకు సగం వస్తుంది.
రోజూ చూసేవాణ్ణి, చూసి ఫోను బోర్లా పెట్టేవాణ్ణి.

తరువాత ఆ కుర్రాడి మోచెయ్యి పోయింది.
ఒక ఆపరేషను, ఇంకో ఆపరేషను,
జట్టువాళ్ళు పేరు తీసేశారు.
ధర సగమైంది, సగంలో సగమైంది,
చివరికి రెండు పట్టు జాకెట్టు ముక్కల దగ్గర ఆగింది.
ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే
చుట్టకి నిప్పడిగినవాడి సామెత
మా నాయనమ్మ చెబితే ఎన్నిసార్లు నవ్వానో.
ఆ చుట్ట ఇప్పుడు నా నోట్లో ఉంది.
కొన్నాను.

యాభైలో ముప్ఫైరెండోది వచ్చింది.
హేమసుందరి గోటితో గీకి చూసింది.
"జరీ కాదు. టెస్టెడు కూడా కాదు.
బావున్నాది గానీ."
దీపం కింద ఇటూ అటూ తిప్పితే
ఆ కుర్రాడి మొహం మీద పసుపు వెలుగు పాకింది,
పెళ్ళికొడుకుని చేసినప్పటిలా.
నాకు మాత్రం ఆ మోచెయ్యే కనిపించింది.
బొమ్మలో అది ఇంకా బాగానే ఉంది.

ఆల్బమ్‌లో చివరి అర ఖాళీ.
నల్లది రాదని తనకీ తెలుసు.
నిన్న కొట్టు కట్టేసే వేళ
నల్ల రూబియా గుడ్డ కార్డంత కత్తిరించి
చుట్టూ పీకో కుట్టి ఆ అరలో దోపింది.

"ఆ పిల్లడు ఇప్పుడేటి చేస్తన్నాడట?"
తెలీదన్నాను.
"చెయ్యి బాగయిపోతే?"
ధర పెరుగుతుందన్నాను, ఎరుపుది ఇంక దొరకదన్నాను.

మిగిలిన దారం పంటితో తెంపింది.
"పెరగనీ."