పడలేదన్న సైకిల్

ఊర్వశి జంక్షన్ దగ్గర
నా షాపు షట్టర్ సగం వరకే లేస్తుంది.
మిగతా సగాన్ని ఉప్పుగాలి తినేసింది.
దాని కింద నుంచి వంగి
సైకిల్ తోసుకొచ్చాడు జోయెల్.

"గేర్ నిలబడట్లేదక్కా.
మూడులో పెడితే దానంతటదే రెండుకి ఎక్కిపోతాది.
ఒకటిలో పెడితే స్పోకులకి తగిలి టకటకమంటాది.
బీచ్ రోడ్డు షాపోడు మూడుసార్లు కేబుల్ బిగించాడు,
మూడుసార్లూ డబ్బులు తీసుకున్నాడు."

"పడిందేటి?"
"లేదక్కా. ఒట్టు."

ఇంకేం అడగలేదు.
సైకిల్ వెనకాల గొంతుకూర్చుని
ఒక కన్ను మూశాను.
పళ్లచక్రాలన్నీ నిట్టనిలువుగా ఉన్నాయి.
వాటి కింద డిరైల్యూర్ మాత్రం
లోపలికి మొగ్గి ఉంది,
గాజువాక బస్సులో నిద్రపోతూ
పక్కవాడి భుజం మీదికి ఒరిగిన తలలా.

కేబుల్ పాపం ఏం చేస్తుంది?
ఒక గేరుని బుజ్జగిస్తే ఇంకో గేరు అలుగుతుంది.
వంగింది హ్యాంగర్,
గేరుని ఫ్రేముకి పట్టి ఉంచే రేకు ముక్క,
బొటనవేలంత.

ఐదో నంబరు అలెన్ కీతో డిరైల్యూర్ విప్పి
గొలుసుకే వేలాడదీశాను.
హ్యాంగర్ కొలిచే గేజు కొనాలంటే
నా షాపు నెల అద్దె.
గోడకి ఓ పాత వెనక చక్రం ఉంది.
దాని ఇరుసు మరా, ఈ బెజ్జం మరా ఒకటే.
మర్రిపాలెం లేత్ షాపులో
నట్లు ఏరే రోజుల్లో
ఏమీ తోచక ఒకదాన్లో ఒకటి తిప్పి చూస్తే తెలిసింది.

పాత చక్రాన్ని హ్యాంగర్‌లోకి బిగించాను.
ఇప్పుడు సైకిల్‌కి వెనక రెండు చక్రాలు, పక్కపక్కనే.
ఎక్కడ కొలిచినా వాటి మధ్య
ఒకే ఎడం ఉండాలి, రైలు పట్టాలకిమల్లే.
చీపురుపుల్ల తుంచి పెట్టాను.
పైన పుల్ల వదులు.
ముందూ వెనకా పరవాలేదు.
కింద దూరనే లేదు.

కింది అంచు పట్టుకుని నా వైపు లాగాను.
ఎక్కువ లాగితే విరుగుతుంది.
తక్కువైతే మళ్ళీ తన వంకరకే పోతుంది.
రావాల్సిన చోటుకంటే వెంట్రుకంత అవతలికి తెచ్చి
వదిలేయాలి.
వదిలాక ఎక్కడ ఆగుతుందో చూడాలి.
కొలిచాను. లాగాను. కొలిచాను.
ఈలోగా యార్డులోంచి ఓ బొగ్గు గూడ్సు మొత్తం పోయింది.
యాభై ఎనిమిది వ్యాగన్లట,
జోయెల్ లెక్కపెట్టాడు.

నేను చూస్తున్నది కుడి పెడల్ని.
దాని అంచున కొత్త గీతలు,
గీతల్లో కొండ రోడ్డు ఎర్రమట్టి.
హ్యాండిల్ కుడి కొస రబ్బరు కూడా అరిగిపోయి ఉంది.
ఆ కుర్రాడి కళ్ళల్లో మాత్రం
అబద్ధం లేదు.

సాయంత్రం సైకిల్ కోసం వాళ్ళ చెల్లి వచ్చింది, కెజియా.
మే నెల.
మణికట్టు దాకా చేతులున్న చొక్కా.
"తొక్కి చూసుకో" అన్నాను.
కుడి మోచేయి పూర్తిగా చాపలేకపోయింది.

జంక్షన్ దాకా వెళ్ళి వచ్చింది.
ఒకటి నుంచి ఏడు దాకా
గొలుసు కిక్కురుమనకుండా దిగింది.

"అన్నకేటైనా సెప్పారా?"
"ఏటని?"
"ఏటీ లేదు."

గుడ్డతో చేతులు తుడుచుకున్నాను.
"ఈ రేకుని కావాలనే మెత్తగా చేస్తారమ్మాయ్.
పడితే ఇది వంగుతుంది, ఫ్రేము మిగులుతుంది.
ఒకసారి సరిచేశాను.
ఇంకోసారి వంచితే చేతిలోకి వచ్చేస్తుంది."

కాసేపు నేల చూసింది.
"కొత్తదెంత?"
"రెండొందలు."
పుస్తకాల సంచీలోంచి పదులూ ఇరవైలూ తీసి
రెండుసార్లు లెక్కపెట్టింది.
పొట్లం కట్టిస్తే
జామెట్రీ బాక్సులో, వృత్తలేఖిని పక్కన పెట్టుకుంది.

షట్టర్ కింద తల వంచి బయటపడింది.
వాళ్ళ ఇల్లు ఎడమ వైపు.
కుడికి తిరిగింది,
సింహాచలం కొండ వైపు.