నో బిడ్

కొండపి వేలం కేంద్రంలో కాటా నాది.
బేలు ఎక్కిస్తారు, అంకె చెబుతాను:
నూట ఇరవై రెండు. నూట ముప్ఫై. నూట పదిహేడు.

ఒక మధ్యాహ్నం జనం పలచబడ్డాక
హమాలీ సింగరయ్య రెక్క పట్టి
నన్నే కాటా ఎక్కించాడు.
నలభై నాలుగు.
"నీకు రేటు పలకదు మాల్యాద్రీ, నో బిడ్" అన్నాడు.
అందరం నవ్వాం.
వాళ్లు ఆపేశాక కూడా నేను కాసేపు నవ్వాను.

ఆదివారం ఒంగోలు పోయి డబ్బా తెచ్చాను,
మీద కండల మనిషి బొమ్మ,
ధర నా నాలుగు రోజుల కూలి.
అరటిపళ్లు, గుడ్లు, రాత్రి పదకొండింటికి పరోటా.
కడుపు తప్పెటలా బిగిసింది,
బొడ్డు కింద గాలి వీధికుక్కలా తిరిగింది,
కాటా మాత్రం మాట మార్చలేదు.

టంగుటూరు దారిలో పేరిందేవమ్మ గారి గది.
నల్లటి కల్వం, ఎండిన ఉసిరి వాసన.
ఆమె బరువు అడగలేదు.
నాడి మీద మూడు వేళ్లుంచి
"నీకు ఆకలి ఏ వేళకవుతుందబ్బాయా?" అంది.

బదులు దొరకలేదు.
ఏ బేలు ఎన్ని కిలోలో చూపుతోనే చెబుతాను,
తేమ పట్టిన ఆకుని వాసనతో పసిగడతాను,
ఆకలి ఏ వేళకంటే!
లేస్తూ టీ, ఎనిమిదింటికి టీ,
కాటాకీ కాటాకీ సందులో టీ,
మధ్యాహ్నం నిలబడే నాలుగు ముద్దలు.
ముక్కు నిండా పొగాకు ధూళి.
ఎన్నేళ్లుగానో నాకు అన్నం రుచి కూడా
ఆకు రుచే.

"బ్యారన్ కాల్చావా ఎప్పుడన్నా?"
కాల్చాను. పదహారేళ్లప్పుడు, మర్రిపూడిలో, రెండు సీజన్లు.
"తొలి రాత్రే మంట ఎగదోస్తే?"
ఆకు పచ్చగానే చస్తుందమ్మా, ఎవడూ కొనడు.
"ఆరిపోయే పొయ్యిలో దుంగలు కుక్కితే?"
పొగ.
ఆమె నవ్వి కాగితం తీసింది.
"నీ కడుపులోదీ అదే పొయ్యి.
ముందు పుల్లలు. దుంగలు తర్వాత."

పుల్లలంటే,
అన్నానికి ముందు రవ్వంత అల్లం, ఉప్పురాయి అద్దుకుని.
చిలికి వెన్న తీసిన మజ్జిగలో వేయించిన జీలకర్ర.
ఏడాది మాగిన మొలగొలుకుల జావ, పెసరకట్టు.
పది రోజులు నెయ్యి ఊసెత్తొద్దంది.
నెయ్యి తినమంటుందని వెళ్లినవాణ్ణి నేను!
"కూచుని తిను. చేతుల పొగాకు సబ్బుతో వదిలించుకుని తిను.
ముందు తిన్నది అరగందే మళ్లీ తినబాక."
టీ రెండుకి దించమంది.
మూడో రోజు తలనొప్పికి
ఆమెని తిట్టుకున్నాను కూడా.

తొమ్మిదో రోజో పదో రోజో, సరిగ్గా గుర్తులేదు,
కంపెనీ బయ్యర్లు వరసల మధ్య నడుస్తుండగా
లోపలేదో కదిలింది.
నొప్పేమో అనుకున్నా.
కాదు, మేత వేళకి గుంజ లాగే దూడ లాంటిది,
చిన్నప్పుడు బడి గంట మోగీ మోగకముందే
నన్ను పరుగెత్తించినది.
"సింగరయ్యా, ఆకలేస్తోంది" అన్నాను.
వాడు అర్థంకాక చూశాడు.
కాటా మీద బేలు అట్టాగే ఉంది.
అంకె చెప్పకుండా దిగిపోయాను.

ఆ తర్వాతే నెయ్యి వచ్చింది,
రాత్రి పాలలోకి అశ్వగంధ,
నానిన ఖర్జూరాలు, సజ్జరొట్టె మీద నువ్వులపొడి వచ్చాయి.
శనివారం శనివారం నూనె మర్దించేటప్పుడు
"వీపా ఇది, దువ్వెనా?" అనే ధనమ్మ
ఎప్పుడో ఆ మాట మానేసింది,
నేనే గమనించలేదు.

వేలం ముగిసే ఆషాఢానికి నలభై ఎనిమిదిన్నర.
ఆ అర చెప్పులదన్నాడు సింగరయ్య.
కావచ్చు.

చెబుదామని వెళ్తే పేరిందేవమ్మ
అంకె పూర్తిగా విననే లేదు.
"ఇవాళ ఆకలెప్పుడైంది?"
పన్నెండుకి పది నిమిషాలుండగా, అన్నాను,
కాటా దగ్గరి గొంతుతో,
గట్టిగా, ఒక్కసారే.