పద్నాలుగు రోజుల గడువు

అట్టపెట్టె మీద రాసుంది: నచ్చకపోతే
పద్నాలుగు రోజుల్లో వాపసు, ప్రశ్నలడగం అని.
ఎనిమిది వందల తొంభై జ్లోటీలు.
అయిదు చిన్న డబ్బాలు, ఒక పెద్ద డబ్బా,
ఇల్లంతా చుట్టినా మిగిలేంత తీగ.

వేలితో తట్టి చూశాను.
పైన పటారం, లోన లొటారం.
చెక్క కాదు, చెక్క బొమ్మ అతికించిన పొట్టు.
ముందున్న గుడ్డ తెర ముట్టుకుంటే ఊడొచ్చింది.
ఇరవయ్యారేళ్లు గ్దినియా వీధుల్లో ట్రాలీబస్సు నడిపాను,
కరెంటు ఎప్పుడు పాడుతుందో, ఎప్పుడు మూలుగుతుందో
నా అరికాళ్లకు తెలుసు.
ఇది మూలుగుతుంది. సన్నగా, వాల్యూము సున్నాలో ఉన్నా.
ఒక మార్కు తీసేశాను.

మొదటి రాత్రి వాన ఉన్న సినిమా పెట్టాను.
వెనక డబ్బాల్లోంచి వాన కురవాలి.
కురిసింది, రేకుల మీద శనగలు పోసినట్టు.
మా బాల్టిక్ మీద వాన అలా ఉండదు,
తడిశాక గాని పడ్డట్టు తెలీదు.
రెండో రాత్రి గుర్రాలు.
గుర్రానికీ గునపానికీ తేడా తెలీని పెద్ద డబ్బా
ఒకటే దబదబ.
అద్దాల బీరువాలో గ్లాసులు పళ్లు కొరికాయి.
కింది అంతస్తు లుబోమిరా చీపురుకర్రతో
తన కప్పు పొడిచింది, మూడుసార్లు, తాళం తప్పకుండా.
ఇప్పటివరకు విన్నవాటిలో
అదే అన్నిటికంటే స్పష్టం, అని రాసుకున్నాను.

ఇరెక్ కిటికీ పక్క తన కుర్చీలో ఉన్నాడు.
షిప్‌యార్డులో, ఓడల కడుపుల్లో దూరి
ముప్పై ఏళ్లు సుత్తితో తుప్పు రాలగొట్టాడు.
ఎడమ చెవి ఏదో ఓడెక్కి వెళ్లిపోయింది.
కుడి చెవి సగమే ఇంటికొచ్చింది.
చెవిటివాడి ముందు శంఖం అంటారు.
నేను ఆరు శంఖాలు కొన్నాను, వాయిదాల మీద.

మా దేశంలో పరాయి సినిమా వస్తే
నటులందరి మాటల మీదుగా ఒకే ఒక మగగొంతు
చదువుకుంటూ పోతుంది.
ప్రేమించే పిల్లకీ, ఏడ్చే పసివాడికీ, చచ్చేవాడికీ
అదే గొంతు, పచారీ పద్దు చదివినట్టు.
మా పాత టీవీలో ఆ గొంతూ, దాని కింది గొంతులూ
కలిసి ఉడికిన గంజి.
ఇరెక్ నా వైపు తిరిగేవాడు. "ఏమన్నాడు?"
"తుపాకీలో గుళ్లు లేవట."
"ఏమన్నాడు?"
"వాడు కాదు, ఆవిడ. వెళ్లిపోతానంటోంది."
పదకొండేళ్లుగా ఈ ఇంట్లో
ఆ చదివే గొంతును నేనే.
నవ్వొచ్చే మాట నా నోటి మీదుగా వెళ్లేసరికి
చల్లారిపోయేది.
మర్యాదకి నవ్వేవాడు.

తొమ్మిదో రోజు కళ్లద్దాలు పెట్టుకుని
కరపత్రం మొదటి పేజీ నుంచి చదివాను.
నడిమి డబ్బాకి నాలుగు మెట్లు పెంచాను.
టేపు పట్టి దూరాలు కొలిచాను,
సోఫా నుంచి కాదు, అతని కుడి చెవి నుంచి.
రెండు మీటర్ల పది. కదలొద్దన్నాను.
క్షవరానికి కూర్చున్నట్టు కూర్చున్నాడు.
ఇప్పుడు నేను కూర్చునే చోట
లోకమంతా ఒక పక్కకి ఒరిగింది.

ఆ రాత్రి ఏదో హాస్యం.
హోటల్లో ఒకరి బాతు తప్పిపోయింది.
మేనేజరు పుస్తకం తిరగేస్తూ అడిగాడు,
"వెళ్లేముందు సంతకం చేసిందా?"
నేను ఇరెక్ వైపు తిరిగి నోరు తెరిచాను.
అప్పటికే నవ్వుతున్నాడు.
నాకంటే ముందు.
నా నోట్లో బాతు నోట్లోనే ఉండిపోయింది.
తర్వాత గంటన్నర
ఒక్కసారీ నా వైపు తిరగలేదు.

పదమూడో రోజు వాపసు కాగితం తీశాను.
వాన అబద్ధం. గుర్రాలు దండగ. మూలుగు అలాగే ఉంది.
పెద్ద డబ్బా తీగ పీకేసి, దాని మీద
జెరేనియం కుండీ పెట్టాను, లుబోమిరా పేరు చెప్పి.
ప్రశ్నలడగం అన్నవాళ్లే
"కారణం" అని ఒక గడి పెట్టారు.
కలం పట్టుకుని కూర్చున్నాను.

ముందు గదిలోంచి ఇరెక్, తెరకేసి చూస్తూనే,
"ఏమన్నాడో విన్నావా?" అన్నాడు.
వినలేదు.
"చెప్పు," అన్నాను.
చెప్పాడు. సగం తప్పు.