మూడు వేళ్ల మేర

హల్ నగరంలో, రేవు వెనక సందులో, పద్నాలుగో నంబరు ఇల్లు.
వాకిట్లో ఆరు చెత్తడబ్బాలు, తలుపు మీద ఏడు పేర్లు,
ఒకటి కొట్టేసి దాని కిందే ఇంకొకటి రాశారు.
కౌన్సిల్ నుంచి వచ్చానని చెప్పాను.
నా జేబులో అగ్గిపెట్టెంత యంత్రం.
నొక్కితే ఎదుటి గోడ మీద ఎర్రచుక్క పడుతుంది,
ఇక్కణ్ణించి అక్కడికి ఎంతో చెప్పేస్తుంది.

మెట్లెక్కుతుంటే అంతస్తుకో వాసన:
వేయించిన చేప, తడి తివాచీ, ఎవరిదో జలుబు మందు.
అటక మీద రెండు గదులు.
మొదటిది తెస్ఫాలెంది, ఎరిత్రియా మనిషి,
రాత్రంతా ఫ్యాక్టరీలో చేపలకు ముళ్లు తీసి
పొద్దున్నే వచ్చి పడుకుంటాడు.
మంచం ఎక్కితే తప్ప కిటికీ అందదు.

పెద్ద మనిషి ఒక్కడు నిద్రపోయే గది
ఆరు పాయింట్ అయిదు ఒకటి చదరపు మీటర్లకు తగ్గకూడదు.
చట్టం అది. రాసింది నేను కాదు,
మెట్లెక్కి మోసుకొచ్చేది నేను.
కప్పు ఒకటిన్నర మీటరు కన్నా కిందికి వాలితే
దాని కిందున్నది నేల కింద జమ కాదు.
తెస్ఫాలెం పెట్టె అక్కడే,
ప్రార్థన పుస్తకం అక్కడే,
నడుం వంచుకుని కాఫీ కాచుకునేదీ అక్కడే.

ఆరు పాయింట్ మూడు ఎనిమిది.
మళ్లీ కొలిచాను.
గోడకు వీపు ఆనించి ఊపిరి బిగబట్టాడు,
తను సన్నబడితే గది పెరుగుతుందన్నట్టు.
అదే అంకె.
ఒక దిండు పట్టేంత తక్కువ.

"తక్కువని రాస్తే?"
"ఇంటాయనకు నోటీసు వెళ్తుంది."
"నాకు?"
నా కాగితంలో ఆ గడి లేదు.

ఇంటాయన ఓగ్లీ ఫోన్లో నవ్వాడు.
"గోరంతకి ఇంత గోలా?
ఆ కుర్రాణ్ణి పంపించేస్తాను,
మీ చట్టం చల్లగా ఉంటుంది."

పక్క గదిలో విల్ఫ్ రామ్స్‌డెన్, డెబ్బై ఒకటి,
ఒకప్పుడు ఉత్తర సముద్రం మీద వలలు లాగినవాడు.
"ఓడలో నా పడక శవపేటికకు మేనత్త కూతురు,
అప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?" అన్నాడు.
అతని గది ఆరు పాయింట్ ఏడు.
నా భుజం మీంచి అంకె చూశాడు,
వేళ్లు మడిచాడు, తప్పాడు, మళ్లీ మడిచాడు.
"నా దగ్గర మిగులుందిగా. గోడ ఇటు జరపమను.
వాడి దగ్గు ఎలాగూ ఇటే ఉంటుంది."

అది ఇటుకల గోడ కాదు, అట్టలాంటి పలక.
జరగాల్సింది మూడు వేళ్ల మేర.
కానీ ఆ గోడకీ కిటికీకీ మధ్య
పోతపోసినట్టు ఇరుక్కుని ఒక బీరువా,
ఐవీ కొన్నదట, పెళ్లయిన ఏడు.
విల్ఫ్ దాని వైపు చాలాసేపు చూశాడు.
నేను కాగితాలు సర్దుకున్నాను.

మార్చిలో మళ్లీ వెళ్లాను.
ఆరు పాయింట్ అయిదు సున్నా.
అయిదు ఒకటి.
మళ్లీ సున్నా.
వణుకుతున్నది యంత్రం కాదని తెలిసి
మోచెయ్యి గోడకు ఆనించాను.
అయిదు ఒకటి.
రాసేశాను.

బీరువా తలమీది నగిషీ అంచు
రెండు వైపులా రంపంతో కోసేసి ఉంది,
కోత దగ్గర చెక్క ఇంకా పచ్చిగా, లేత పసుపు.
కోసిన ముక్క ఇటు గదిలో, వాలు కప్పు కింద అలమరైంది.
దాని మీద పొడుగు మెడ మట్టి కాఫీ కూజా.

అద్దె వారానికి ఎనిమిది పౌండ్లు పెరిగింది.
"గది పెద్దదయింది కదా" అన్నాడట ఓగ్లీ.
దాన్ని కొలిచే పని నాది కాదన్నారు ఆఫీసులో,
వేరే విభాగం, వేరే అంతస్తు.

కాఫీ తాగి వెళ్లమన్నాడు తెస్ఫాలెం.
తల వంచి, లెక్కకు రాని ఆ మూలలోకి దూరాను.
ముగ్గురం, మోకాళ్లు తగులుతున్నాయి.
మొదటి కప్పు ఘాటుగా ఉందని విల్ఫ్ మొహం చిట్లించాడు.
అతని రెండో కప్పులో
అడక్కుండానే నాలుగు చెంచాల చక్కెర పడింది.