పరుగు మీట

కయోలేలో రేకుల కొట్టు వెనకగది.
ముటీసో మూడు కంట్రోలర్లు విప్పి పరిచాడు,
చేప పొట్ట చీల్చినంత సులువుగా.
లోపల బిస్కట్ పొడి, చెమట ఉప్పు,
ఎవరిదో కొరికిన గోరు ముక్క.

ఆటకి ఇరవై షిల్లింగులు.
తలుపు తీసింది మొదలు నలభై జతల చేతులు.
పేరు అడగకుండానే చెబుతాడు:
ఈ ఎడమ పుల్ల తోలు ఒలిచింది ఒటియెనో.
గోలు పడ్డ ప్రతిసారీ దాన్ని
బొటనవేలితో అంచుకి తొక్కిపట్టి ఉంచుతాడు.
అంచు తగిలాక ఇంకా వేగం ఎక్కణ్ణుంచి వస్తుంది?
వాడి కోపం ఆటలోకి పోదు,
స్ప్రింగులోకి పోతుంది.

అన్నిటికన్నా ముందు చచ్చేది పరుగు మీట.
బంతి పక్కవాడికిచ్చే బొత్తం మాత్రం
డబ్బాలోంచి తీసిన నాటి మెరుపుతోనే ఉంది.
చెరిపేవాడేడీ?

నఫూలా ఒక్కతే వేరు.
బస్సుల దగ్గర ఉడికిన గుడ్లమ్మి వస్తుంది,
గుడ్డు పట్టినట్టే పడుతుంది.
ఆమె వాడే నల్లదానికి నాలుగో ఏడు.
గెలుస్తుందా అంటే,
ఎక్కువసార్లు ఓడుతుంది. అది వేరే లెక్క.

రేకుల మీద వాన మొదలైంది.
కుర్రాళ్ళెవరూ రాలేదు.
టంకం పెట్టాల్సిన పాతదొకటి తగిలించి చూశాడు.
ఎవరూ తాకకుండానే తెరమీద ఆటగాడు
మెల్లగా ఎడమకి నడుస్తున్నాడు,
గీత దాకా,
గీత దాటి,
జనం బొమ్మలున్న గోడ దాకా.

ముటీసో స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంచుకుని
కాసేపు పోనిచ్చాడు.