ఫాలు నలభై, పికో ముప్పై

"ఇంకా ఏంటికమ్మా నీకీ మిషను?"
అంటాడు మా వాడు.
నంద్యాల చెక్‌పోస్టు కాడ సెల్లుఫోన్ల అంగడిలో
నెలకు పదకొండు వేలు వాడికి.
తలుపు మీద సుద్దతో నేను రాసిన రేట్లు చూస్తే నామోషీ.
తుడిపేస్తాడు.
మళ్లా రాస్తా.
ఫాలు నలభై, పికో ముప్పై,
జాకెట్టు అతుకైతే చూసి చెప్తా.

ఏంటికంటే ఏం చెప్పేది?
కరెంటు బిల్లు అంటే అది నిజమే.
మోకాలి మాత్రలంటే అదీ నిజమే.
నిజాలు రెండు చెప్పినాక కూడా
లోపల ఇంకోటి మిగిలే ఉంటాది,
బాబిన్ అడుగున ఇరుక్కున్న దారం మాదిరి.

హంద్రీ, తుంగభద్రా కలిసి
మా వీధిలోకి నడిచొచ్చిన రాత్రి
బీరువా వదిలేసినాం, బియ్యం వదిలేసినాం.
ఈ మిషను మాత్రం సుంకన్న నెత్తిన పెట్టుకోని
మిద్దెక్కినాడు, గొంతు దాకా నీళ్లలో.
వానొస్తే ఇప్పటికీ దీని చక్రంలో
ఆ బురద వాసన.
ఆ మోత కూలి ఆయన అడగలేదు,
నేను ఇయ్యలేదు.

యార్డులో ఎర్రగడ్డల మూటలు మోసి మోసి
ఆ నడుమే ఒకరోజు జారిపోయింది.
అప్పటి నుంచి అరుగు మీద సుంకన్న,
ఎవరూ దించుకోని మూట.

ఒకసారి జొన్నరొట్టె, ఊరుబిండి పంపిస్తే
తట్ట కడిగి
అందులో పది రూపాయలు పెట్టి పంపించినాడు.
ఆ పొద్దు తెలిసింది నాకు
కొందరికి అన్నం పెట్టకూడదు,
పని పెట్టాల.

మా ఇంట్లో నవారు మంచం ఒకటుండాది.
నెలకోసారి, మా వాడు గురక పెట్టినాక,
కాళ్ల పట్టె కాడ ముడి నేనే ఇప్పుతా.
పొద్దున్నే గడపలో నిలబడి కేకేస్తా
"సుంకన్నా, మంచం మళ్లా సాగింది సూడు!"
వస్తాడు. కూర్చుంటాడు.
మోకాలు పట్టెకు తన్నిపెట్టి లాగుతా
"ఏ గాడిద అల్లినాడమ్మా ఇది" అని తిడతాడు.
అల్లింది ఆయనే, పోయిన నెల.
ఎనభై అడుగుతాడు.
అడిగినంతా ఇస్తే అనుమానమొస్తాదని
డెబ్బైకి గీచిగీచి బేరమాడి
ఎనభై ఇస్తా.

ఇదంతా మా వాడికి చెప్తే
నవ్వుతాడు, లేకుంటే ఆ మంచం అమ్మేస్తాడు.

మాబున్నీ వేరే.
సాయంత్రం మిరపకాయ బజ్జీల బండి,
మధ్యాహ్నం నా మిషను పక్కన పీట.
పదిహేను నిమిషాల కుట్టుకు గంటన్నర కూర్చుంటాది.
ఊరికే కుట్టిస్తానంటే రాదు ఆమె.
డబ్బులిచ్చింది కాబట్టి
కాళ్లు చాపుకుంటాది,
నీళ్లడుగుతాది,
చచ్చిపోయిన మా ఆయన్ని తిడతాది కూడా,
నేను తిట్టలేనని.

మొన్న అదే ఆకుపచ్చ చీర, మూడోసారి.
"ఫాలు ఊడిందక్కా."
దారం వెలుతురుకు పట్టినా.
చీకిపోయి తెగిన దారం కొస
దూది మాదిరి పీచుపీచుగా ఉంటాది.
ఇది గీత గీసినట్టుండాది.
బ్లేడు.

తల ఎత్తలేదు నేను.
కండ్లద్దాలు ఎతుక్కున్యా,
ముక్కు మీదే ఉన్నా.
ఆమె శనగపిండి ధర గురించి చెప్తానే ఉండాది,
గోడకేసి చూస్తా, కొంచెం గబగబా.

ఎన్ని దినాల నుంచి?
మొదటి చీర కూడానా?
అడగలేదు.
పెడలు తొక్కినా.

నలభై తీసింది కొంగుముడి లోంచి.
"దారం రేటు పెరిగింది, యాభై" అన్న్యా.
"దోచుకుంటాండావక్కా" అని గొణిగింది.
ఇచ్చింది.

రాత్రి మా వాడొచ్చి తలుపు తుడిచినాడు మళ్లా.
సుద్దముక్క యాడ దాచినాడో,
పొయ్యిలో బొగ్గు తీసుకోని రాసినా,
ఈసారి లావుగా,
ఫాలు యాభై.