తరువాత చేర్చినది

ముహర్రక్ సందుల ముత్యాల సౌకారు ఇల్లు.
ముత్యాలు పోయి తొంబై ఏండ్లయింది,
ఇంటికి మాత్రం చెమట ఆగలే.
గోడలన్నీ సముద్రంలకెల్లి తెచ్చిన రాళ్ళు,
మోకాలెత్తు దాక ఉప్పు పూసింది,
వేలితో గీకితే రాలుతది.

"మొదట ఎట్లుండెనో అట్ల కావాలె"
అంటది ఇంజనీరు హెస్సా.
ఆమె చేతుల పాత ఫోటో ఒకటి,
అందుల ఈ గోడకు జిప్సం చెక్కడం,
నక్షత్రంల నక్షత్రం, దానిల ఇంకోటి,
గాలి వచ్చిపోను సన్నసన్నటి కంతలు.
ఇప్పుడక్కడ ఏసీకి కొట్టిన చదరపు బొక్క,
చుట్టూర సిమెంటు,
సిమెంటు మీద గులాబి, దాని మీద పచ్చ,
అందరికన్న పైన నీలం.

పొరపొర తీస్తున్న.
సుత్తె కాదు, చిటికెన వేలంత ఉలి,
పండ్లు తోమే బ్రష్షు, దూదితో నీళ్ళు.
నెలకు నాలుగు నక్షత్రాలు తేలినై.
ఫోర్‌మన్ తంకప్పన్ గడియారం చూస్తడు,
నేను గోడ చూస్త.

సిమెంటు రాతికి ఊపిరాడనియ్యదని
హెస్సా చెప్పకముందే నాకెరుక.
మా తాత గానుగ సున్నం పట్టినోడు.
ఎద్దు తిరిగేది, రాతిచక్రం తిరిగేది,
కరక్కాయ నానిన నీళ్ళు, ఇంత బెల్లం,
వేళ్ళ నడుమ సాగదీసి
"ఇగ పండింది" అనెటోడు.
సున్నం కూడ పండుతదని
ఏ భాషల చెప్పాలె?
చేతులతోనే చెప్పిన హెస్సాకు.
ఆమె గోలెంల వేలు వెట్టి
సాగదీసి చూసింది.

తూర్పు గోడకు, కిటికీ కింద,
గులాబి రంగు వలిచినంక
సిమెంటుల గీతలు.
పగుళ్ళనుకున్న. నీళ్ళు చల్లిన.
ముందుగాల ఒక సున్న తేలింది,
దాని ఎడమకు గుడి వెట్టిన ల,
కుడికి బా, ద్రి.

లింబాద్రి. మెట్‌పల్లి. 1983.

తడి మీద మేకుతో రాసిండు,
ఆఖరు మూడు కాలు జారి కిందికి దిగింది.
నేనప్పటికి పుట్టనే లేదు.
కుడి నుంచి ఎడమకు చదివే ఊర్ల
ఎడమ నుంచి నడిచొచ్చినోడు.

ఉలి జేబుల వెట్టి కూసున్న.
ఈ బొక్క కొట్టింది ఆయననేనా?
సున్నం సంగతి ఎరుగనోడా,
ఎరిగి కూడ, ఇచ్చిన బస్తా కలిపినోడా?
పనితనం మాత్రం చెప్పుకోవాలె,
రసమట్టం వెట్టి చూసిన,
గీత వాసి ఒంకర లేదు.

హెస్సాను పిలిచిన.
మోకాళ్ళ మీద కూసొని
చదవరాని అక్షరాలను శానసేపు చూసింది.
కొలిచింది, ఫోటో తీసింది,
రిపోర్టుల రాసింది:
నాలుగో పొర. సిమెంటు. తరువాత చేర్చినది. తొలగించాలి.
"సారీ" అన్నది,
నాకో గోడకో తెలువదు.

పేరును పలకలెక్క ఊడదీద్దామని
చుట్టూ గాడి కొట్టిన, రెండు దినాలు.
గోనెపట్ట అంటించిన, కింద చెయ్యి వెట్టిన.
మొండి సిమెంటు, విడిస్తే ఒక్కపారే విడిచింది.
మెట్ ఒకదిక్కు, పల్లి ఒకదిక్కు.

దాని వెనుక తెల్లగ,
దానిమ్మ పువ్వు, ఖర్జూరపు మట్ట,
నిన్న చెక్కినట్టే.
హెస్సా రెండు చేతులు నోటికి అడ్డం వెట్టుకున్నది.
ఆ పువ్వు చెక్కినోడు
పేరు రాసుకోలే.

ముక్కలు లారీకెక్కినై.
సున్న ఉన్న పెంకొకటి నా జేబుల వడ్డది.
నేను వెట్టలే, వడ్డది.

రాత్రి సల్మాబాద్ క్యాంపుల
వంట రాజేశాన్ని అడిగిన, మెట్‌పల్లాయనే,
ముప్పై అయిదేండ్ల సంది ఇక్కడే పప్పు ఎనుపుతున్నడు.
"ఏ లింబాద్రి?" అన్నడు.
"క్రేన్ లింబాద్రా, పొడుగు లింబాద్రా,
ఇరవై దినాలకే వాపసు వోయినాయనా?"
"మేస్త్రి" అన్న.
"అప్పుడు వచ్చినోళ్ళంత మేస్త్రిలే గదనే."
గంటె మళ్ళ తిప్పవట్టిండు.

రేపు ఏసీ బొక్క పూడ్చాలె.
సున్నం నానవెట్టి వచ్చిన.
పండనీ.